బాస్కెట్‌బాల్ కనిపెట్టిన డ్రిల్లు మాస్టారు

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయానికి బాస్కెట్‌బాల్‌లో పెద్ద పేరుంది. నూట పాతికేళ్లు దాటిన ఆ జట్టు చరిత్రలో కోచ్‌లుగా పనిచేసినవాళ్లను రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లందరిలో గెలిచిన మ్యాచ్‌ల కంటే ఓడిన మ్యాచ్‌లు ఎక్కువున్నవాడు ఒక్కడే. 55 గెలిచాడు, 60 ఓడాడు. ఆయన పేరు జేమ్స్ నైస్మిత్. అసలు బాస్కెట్‌బాల్ అనే ఆటను కనిపెట్టినవాడు ఆయనే.

ఈ సంగతి చెబితే మా స్టాఫ్ రూముల్లో అందరూ నవ్వేవారు. నాకు మాత్రం ఆయన మీద ఆపేక్ష పుట్టింది అక్కడే. మన స్కూల్లో చదువుకుని, ఇక్కడి మట్టి కోర్టులోనే బంతి పట్టడం నేర్చుకుని, ఆ తర్వాత ముప్పయి రెండేళ్లు రకరకాల ఊళ్లలో పీఈటీగా, ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. అన్నేళ్లలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, ఈ ఏడాది కప్పు వచ్చిందా అని. పిల్లలు ఏం నేర్చుకున్నారని అడిగినవాళ్లు బహు తక్కువ. అందుకే స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నా గురించి రాసుకోవడం కంటే ఈ ఓడిపోయిన కోచ్ గురించి రాయడం మేలనిపించింది. మన డ్రిల్లు మాస్టార్లకు ఆయన దూరపు తాతగారి వరస. ఆ చుట్టరికం ఎలాగో ముందుకు వెళ్లాక చెబుతాను.

నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడాలోని ఒంటారియోలో, ఆల్మాంట్ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. 1870లో టైఫాయిడ్ వచ్చి తల్లీ తండ్రీ కొద్ది వారాల తేడాతో పోయారు. కొంతకాలం అమ్మమ్మ చూసుకుంది. ఆ తర్వాత పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన మేనమామ పీటర్ యంగ్ దగ్గర అక్క, తమ్ముడితో కలిసి పెరిగాడు. మేనమామ మాట కఠినం, మనసు మంచిది. పొలం పని, గుర్రాల పని, కట్టెలు కొట్టడం అన్నీ ఆ చిన్న వయసులోనే ఒంటబట్టాయి.

పదిహేనేళ్లకు చదువు మానేశాడు. అడవుల్లో చెట్లు నరికే కూలీల జట్టులో చేరి దాదాపు ఐదేళ్లు అక్కడే ఉన్నాడు. ఒకరోజు సారాయి అంగడిలో గ్లాసు ఎత్తబోతుంటే, పక్కనున్న పెద్దాయన ఎవరో గుర్తుపట్టి, నువ్వు ఫలానా మార్గరెట్ కొడుకువి కదూ, నిన్నిలా చూస్తే మీ అమ్మ ఏమనుకునేదో అన్న ధోరణిలో మాట్లాడాడనీ, ఆ గ్లాసు అలాగే దించేశాడనీ ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఇరవై ఏళ్ల మీసాలవాడు మళ్లీ హైస్కూలుకు వెళ్లి తనకంటే ఎంతో చిన్న పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్నది మాత్రం నిజం. 1883లో హైస్కూలు పూర్తిచేశాడు. మన బ్యాచ్‌లలోనూ మధ్యలో బడి మానేసి కిరాణా కొట్టుకో, లారీ మీదికో వెళ్లిపోయిన స్నేహితులు ప్రతివాళ్లకూ ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లలో తిరిగొచ్చి కూర్చున్నవాళ్లు ఎంతమంది?

చిన్నప్పుడు బడి దగ్గర ఆడిన ఒక ఆట ఆయనకు చివరిదాకా గుర్తుంది. పెద్ద బండరాయి మీద చిన్న రాయి ఒకటి పెడతారు. దాన్ని బాతు అంటారు. దూరంగా గీత గీసి, అక్కడి నుంచి తలా ఒక రాయి విసిరి ఆ బాతును పడగొట్టాలి. గురి తప్పితే, కాపలా ఉన్నవాడు పట్టుకునేలోగా పరుగెత్తి తన రాయి తాను తెచ్చుకోవాలి. మన ఏడుపెంకులాటకు కొంచెం దగ్గర. బలమంతా పెట్టి నేరుగా విసిరితే, గురి తప్పిన రాయి ఎక్కడో దూరంగా పోయి పడుతుంది. తెచ్చుకునేలోగా దొరికిపోతారు. పైకి ఎత్తి, వంపుగా, మెత్తగా వేస్తే బాతూ పడుతుంది, రాయీ దగ్గరే ఉంటుంది. బలం కంటే ఒడుపు గెలిచే ఆట అది.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1888కి డిగ్రీ అయింది. మతబోధకుడవుదామని అక్కడే ప్రెస్బిటీరియన్ కాలేజీలో చేరాడు. కానీ ఆటలు వదల్లేదు. ఫుట్‌బాల్, లాక్రోస్, జిమ్నాస్టిక్స్ అన్నిటిలోనూ ముందే. మతం చదువుకునేవాడికి ఈ కొట్లాట ఆటలేమిటని తోటివాళ్లు బాధపడి, ఇతని కోసం ప్రార్థనలు కూడా చేశారట. ఒకసారి ముందురోజు ఆటలో తగిలిన దెబ్బలకు కళ్ల చుట్టూ నల్లగా కమిలిపోయి ఉండగా అలాగే వేదికెక్కి ప్రసంగం చేశాడు.

ఆయన దారి మారింది ఒక మ్యాచ్‌లో. పక్కన ఆడుతున్నవాడు కోపం పట్టలేక బూతు మాట అన్నాడు. మరుక్షణం ఇటు తిరిగి, నువ్వున్నావని మరిచిపోయానంటూ నొచ్చుకున్నాడు. నైస్మిత్ ఎవరికీ ఎప్పుడూ నీతులు చెప్పింది లేదు. పక్కన నిలబడి శుభ్రంగా ఆడాడు, అంతే. ప్రసంగ వేదిక మీద నుంచి చెయ్యాలనుకున్న పని ఆటస్థలంలో నిలబడి కూడా చెయ్యవచ్చునని ఆయనకు తోచింది అప్పుడే. చదువు 1890లో పూర్తికాగానే చర్చి ఉద్యోగం చూసుకోకుండా అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలకు వెళ్లాడు. అక్క ఈ నిర్ణయాన్ని చాలాకాలం ఒప్పుకోలేదంటారు. వ్యాయామం మాస్టారు ఉద్యోగానికి ఇంట్లో ఒప్పుకోకపోవడం మనకు తెలియనిదా!

ఆ పాఠశాలలో వ్యాయామ విభాగం పెద్ద లూథర్ గ్యూలిక్. 1891 చలికాలంలో ఆయనకు ఒక తలనొప్పి వచ్చిపడింది. బయట మంచు. ఫుట్‌బాల్ సీజన్ అయిపోయింది, బేస్‌బాల్‌కు ఇంకా నెలలు పడుతుంది. లోపల జిమ్నాసియంలో కవాతు, డంబెల్స్, జిమ్నాస్టిక్స్ తప్ప వేరే ఏమీ లేవు. అందులో ఒక తరగతి ఉంది, 18 మంది. పిల్లలు కూడా కాదు, రేపు వై.ఎం.సి.ఏ. కార్యదర్శులుగా వెళ్లబోయే పెద్దవాళ్లు. వాళ్లకు ఈ డ్రిల్లు అంటే పరమ విసుగు. ఇద్దరు మాస్టార్లు ఆ తరగతికి దండం పెట్టి తప్పుకున్నారు. మూడోవాడుగా నైస్మిత్ దొరికాడు. రెండు వారాల గడువులో లోపల ఆడుకునే కొత్త ఆట ఏదైనా తయారుచెయ్యమన్నాడు గ్యూలిక్.

మొదట ఉన్న ఆటలనే నాలుగు గోడల మధ్యకు తెచ్చి చూశాడు. ఫుట్‌బాల్‌ను కొంచెం మెత్తబరిచాడు, వాళ్లకు నచ్చలేదు. సాకర్ ఆడితే కిటికీ అద్దాలకే ప్రమాదం వచ్చింది. లాక్రోస్ ఆడితే కర్రల దెబ్బలు. గడువు అయిపోవస్తోంది. అప్పుడు కూర్చుని లెక్కల మాస్టారు లెక్క చేసినట్టు ఒక్కో మెట్టూ ఆలోచించాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

అందరికీ నచ్చే ఆటల్లో బంతి ఉంటుంది. చిన్న బంతికి బ్యాటో కర్రో కావాలి, పెద్ద బంతికి చేతులు చాలు. కనుక పెద్ద బంతి. ఫుట్‌బాల్‌లో మనుషులు మీద పడి కొట్టుకునేది ఎందుకు? బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపాలి గనక. బంతి పట్టుకున్నవాడు పరుగెత్తకూడదని పెడితే వాణ్ణి పడదొయ్యాల్సిన అవసరమే ఉండదు. సరే, గోల్ ఎక్కడ పెట్టాలి? నిలువు గోల్ ఎదురుగా ఉంటే బలమంతా పెట్టి బంతి విసురుతారు, మళ్లీ దెబ్బలే. ఇక్కడ చిన్ననాటి బాతు రాయి అక్కరకొచ్చింది. గోల్‌ను పడుకోబెట్టి నోరు పైకి ఉండేలా పెడితే బంతిని వంపుగా, మెత్తగా వెయ్యాల్సిందే. దాని చుట్టూ మనుషులు గుంపుగా నిలబడి అడ్డుకోకుండా తలకు అందనంత ఎత్తున పెట్టాలి.

రెండు పెట్టెలు కావాలని భవనం చూసుకునే పాప్ స్టెబిన్స్‌ను అడిగితే, పెట్టెలు లేవు, పీచ్ పళ్ల బుట్టలున్నాయని తెచ్చిచ్చాడు. వాటిని జిమ్నాసియం బాల్కనీ కమ్మీలకు మేకులతో కొట్టారు. ఆ కమ్మీ ఎత్తు నేల నుంచి పది అడుగులు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ రింగు బిగించినా పది అడుగులే. దాని వెనక శాస్త్రమేమీ లేదు, ఆ బాల్కనీ అంత ఎత్తున ఉంది, అంతే. నియమాలు 13 రాసి టైపు చేయించి నోటీసు బోర్డుకు అంటించాడు. 1891 డిసెంబరు 21న తొమ్మిది మంది ఒకవైపు, తొమ్మిది మంది ఒకవైపు నిలబడి సాకర్ బంతితో మొదటి ఆట ఆడారు. అదంతా అయ్యేసరికి బుట్టలో పడింది ఒక్క బంతి, విలియం చేజ్ వేసింది. బుట్టకు అడుగు ఉంది కనుక బంతి పడితే నిచ్చెన ఎక్కి తియ్యాలి. ఆ తరగతిలో అల్లరికి నాయకుడిలాంటి ఫ్రాంక్ మహాన్, ఈ ఆటకు నైస్మిత్ పేరే పెడదామన్నాడు. అలా పెడితే ఆట అక్కడే చస్తుందని మాస్టారు నవ్వేశాడు. అయితే బుట్ట, బంతి ఉన్నాయి కనుక బాస్కెట్ బాల్ అందామని మహానే అన్నాడు.

ఆ 13 నియమాలను ఒకసారి కోచ్ కళ్లతో చదవాలి. బంతి అందుకున్నవాడు అందుకున్న చోటనే ఆగి అక్కడి నుంచే వెయ్యాలి. డ్రిబ్లింగ్ అనే మాటే లేదు, అది ఆటగాళ్లు తర్వాత కనిపెట్టుకున్నది. అంటే బంతి చేతికొచ్చిన క్షణంలో వాడు తలెత్తి తోటివాణ్ణి వెతుక్కోవాలి. మరో దారి లేదు. కలిసి ఆడండర్రా అని మనం గొంతు చించుకుని చెప్పే మాటను ఆయన ఉపన్యాసంగా చెప్పకుండా నియమంలోనే పెట్టేశాడు. నేను ఇది చదివిన తర్వాత ఏటా జూలైలో కొత్త పిల్లలు రాగానే మొదటి పది రోజులు డ్రిబ్లింగ్ లేకుండా ఆడించేవాణ్ణి. మొదట్లో బాగా ఆడే కుర్రాడు మొహం ముడుచుకునేవాడు. నాలుగో రోజుకల్లా మూలన నిలబడే బక్కపిల్లాడి చేతికి కూడా బంతి వచ్చేది. వాడు బంతి కోసం ఖాళీ చోటుకు పరుగెత్తడం నేర్చుకునేది అప్పుడే. ఏ కోచింగ్ క్యాంపులోనూ ఇంతకంటే చవకైన ఉపాయం నేను చూడలేదు.

రెండో ఫౌల్ చేసినవాడు తర్వాతి గోల్ పడేదాకా బయట కూర్చోవాలి. ఒక జట్టు వరసగా మూడు ఫౌళ్లు చేస్తే ఎదుటివాళ్లకు ఒక గోల్ ఇస్తారు. అంటే ఒకడి కోపానికి జట్టంతా మూల్యం చెల్లించాలి. మనుషుల్ని కనిపెట్టడానికి ఒక అంపైర్, బంతిని కనిపెట్టడానికి ఒక రిఫరీ. పదిహేనేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం. వీటిలో ఎక్కడా కోచ్ అనేవాడి ప్రస్తావన లేదు.

ఆట నిప్పులా పాకింది. కొద్ది వారాల్లోనే దగ్గరి బడిలోని పంతులమ్మలు వచ్చి తామూ ఆడతామన్నారు. ఆడవాళ్ల తొలి ఆటల్లో ఆడిన మాడ్ షెర్మన్‌నే నైస్మిత్ 1894లో పెళ్లి చేసుకున్నాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యార్థులు వై.ఎం.సి.ఏ. ఉద్యోగాల మీద దేశదేశాలకు వెళ్లారు, వాళ్లతోపాటే ఆట వెళ్లింది. మొదటి ఆటలో ఒక జట్టుకు నాయకుడైన డంకన్ పాటన్ 1894లో మన దేశానికి తెచ్చాడని చెబుతారు. ఆ తర్వాత అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. ఉమ్మడి మద్రాసు రోజుల్లో మన జిల్లాల డ్రిల్లు మాస్టార్లు శిక్షణ కోసం వెళ్లింది అక్కడికే. మాకు ఆట నేర్పిన మాస్టారు కూడా ఆ కాలేజీ మనిషే. తెల్ల ప్యాంటు, మెడలో విజిల్‌తో ఉండే ఆయన మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడేవారు కాదు. ఇంతకుముందు చుట్టరికం అన్నది దీన్నే.

నైస్మిత్ 1895లో డెన్వర్ వెళ్లాడు. పగలు వై.ఎం.సి.ఏ. వ్యాయామశాల చూసుకుంటూ వైద్యం చదివి 1898లో డాక్టరయ్యాడు. ఆ ఏడే కాన్సాస్ విశ్వవిద్యాలయం ఆయన్ను వ్యాయామ విద్యకూ, ప్రార్థనలు జరిపించడానికీ కలిపి తీసుకుంది. బాస్కెట్‌బాల్ కోచింగ్ కోసం కాదు. మొదటి మ్యాచ్ 1899 ఫిబ్రవరిలో కాన్సాస్ సిటీ వై.ఎం.సి.ఏ. మీద ఆడి 16-5తో ఓడారు. కొన్ని మ్యాచ్‌లకు ఆయనే రిఫరీగా నిలబడేవాడు. తన జట్టు ఆడుతుంటే తానే రిఫరీ! అలాంటి మనిషికి 60 ఓటములు రావడంలో ఆశ్చర్యమేముంది?

నిజానికి ఆయనకు బాస్కెట్‌బాల్ కంటే కుస్తీ, కత్తిసాము, జిమ్నాస్టిక్స్ మీద మక్కువ ఎక్కువ. ఒంటికి కుస్తీ మంచిదనేవాడు. కాలేజీలో చేరిన ప్రతి కుర్రాడికీ ఛాతీ, భుజాలు, ఎత్తు, బరువు కొలిచి పుస్తకంలో రాసుకునేవాడు. వెనకబడినవాళ్లెవరో, వాళ్లకు ఏ కసరత్తు కావాలో చూసేవాడు. జట్టులో ఆడే పదిమంది కంటే ఆడని వందలమంది ఆయన లెక్కలో ముందు.

అక్కడ ఫారెస్ట్ అలెన్ అనే శిష్యుడున్నాడు. గంభీరమైన గొంతు వల్ల అందరూ ఫాగ్ అలెన్ అనేవారు. దగ్గర్లో ఉన్న బేకర్ విశ్వవిద్యాలయం నుంచి అతనికి కోచ్‌గా రమ్మని పిలుపు వస్తే నైస్మిత్ నవ్వాడు. బాస్కెట్‌బాల్‌కు కోచింగ్ ఏమిటి, అది ఆడుకునే ఆట కదా అన్నది ఆయన అభిప్రాయం. శిష్యుడు వినలేదు. 1907లో కాన్సాస్ జట్టు బాధ్యత కూడా గురువు చేతి నుంచి ఆ శిష్యుడి చేతికే వచ్చింది. మధ్యలో కొన్నేళ్లు పోయినా అలెన్ మొత్తం 39 సీజన్లు ఆ జట్టును నడిపాడు. అన్ని చోట్లా కలిపి 746 మ్యాచ్‌లు గెలిచి 1956లో దిగాడు. కాలు ఎలా తిప్పాలి, పాస్ ఏ ఎత్తున వెయ్యాలి, డిఫెన్స్‌లో ఎక్కడ నిలబడాలి, ప్రతిదానికీ ఒక పద్ధతి ఉందనీ, దాన్ని రోజూ సాధన చేయించి నేర్పవచ్చుననీ నిరూపించాడు. కెంటకీకి వెళ్లిన అడాల్ఫ్ రప్, నార్త్ కరొలైనాకు వెళ్లిన డీన్ స్మిత్ వంటి మహా కోచ్‌లు అలెన్ దగ్గర ఆడినవాళ్లే.

కనుక కోచింగ్ కుదరదన్న మాటలో నైస్మిత్ పొరబడ్డాడనే నేనంటాను. పిల్లవాడు మోచెయ్యి బయటికి పెట్టి బంతి వేస్తున్నప్పుడు దాన్ని సరిచెయ్యకుండా, ఆడుకో నాయనా అని వదిలేస్తే వాడి పదేళ్లు పాడవుతాయి. పెద్దాయన మీద గౌరవంతో ఈ మాట దాచలేను. అయితే ఆయన భయం దేనికో కూడా అర్థమవుతుంది. ఆట జరుగుతున్నప్పుడు బయట నుంచి ఒకడు తీగలు లాగితే లోపలివాళ్లు బొమ్మలవుతారు. ఆ రోజుల్లో ఈ అభిప్రాయం ఆయనొక్కడిదే కాదు. 1910లో వచ్చిన నియమం ప్రకారం ఆట సాగుతుండగా జట్టుకు సంబంధించినవాళ్లెవరూ కోచింగ్ చెప్పకూడదు. మొదటిసారి హెచ్చరిక, మళ్లీ చెబితే ఎదుటివాళ్లకు ఫ్రీ త్రో. టైమ్ అవుట్‌లో కోచ్ తన ఆటగాళ్లతో మాట్లాడవచ్చునని అమెరికా కాలేజీ ఆటలో అనుమతి వచ్చింది 1948-49 సీజన్‌లో. ఇప్పుడు మండల స్థాయి పోటీలకు వెళ్లినా గీత పక్కన మన పీఈటీల కేకలకు చెవులు చిల్లులు పడతాయి. తల్లిదండ్రులు వస్తే చెప్పనక్కర్లేదు.

నైస్మిత్ కోచ్ కాదనేవాళ్లకు నేను చూపించేది 55-60 అంకెను కాదు. జాన్ మెక్‌లెండన్ అనే పేరును. ఈయన 1933లో కాన్సాస్‌లో చేరిన నల్లజాతి కుర్రాడు. వ్యాయామ విద్య చదివి కోచ్ కావాలని కోరిక. ఆ విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ ఆడే హక్కు నల్లవాళ్లకు అప్పట్లో లేదు. ఆట కనిపెట్టిన మనిషి అక్కడే ఉన్నాడు, వెళ్లి ఆయన్నే నీ చదువుకు మార్గదర్శిగా ఉండమని అడుగు అని తండ్రి చెప్పి పంపాడు. కుర్రాడు నేరుగా గదిలోకి వెళ్లి, మీరే నాకు మార్గదర్శి అని మా నాన్న చెప్పాడన్నాడు. డెబ్బై దాటిన నైస్మిత్, మీ నాన్న చెప్పాడంటే సరే అన్నట్టు ఒప్పుకున్నాడు. అంతే, ఇంకేమీ అడగలేదు.

వ్యాయామ విద్య డిగ్రీకి ఈత రావాలి. విశ్వవిద్యాలయం కొలనులో నల్లవాళ్లకు ప్రవేశం లేదు. మెక్‌లెండన్ దిగి ఈదాడు. తర్వాత నీళ్లన్నీ తోడించేశారు. కుర్రాడు వెనక్కి తగ్గలేదు, నైస్మిత్ అండ తగ్గలేదు. చివరికి కొలను తలుపులు తెరవక తప్పలేదు. అతన్ని జట్టులోకి తీసుకునే అధికారం ఈ ముసలి ప్రొఫెసరుకు లేదు, అతనికి ఆట మొత్తం నేర్పే అవకాశం ఉంది. ఇద్దరూ నడుచుకుంటూ పోతూ ఎక్కడో పిల్లలు ఆడుతుంటే ఆగి చూసేవారట. పిల్లలందరూ బంతి ఎటు పోతే అటు కోర్టంతా పరుగెడుతుంటారు కదా. ఆట అలాగే ఉండాలి, ఎదురుదాడి అయినా అడ్డుకోవడమైనా బంతి ఎక్కడుంటే అక్కడే మొదలు కావాలి, సగం కోర్టులో కూర్చుని ఎదురుచూడకూడదని గురువు చెప్పాడు. మెక్‌లెండన్ తర్వాత ప్రపంచానికి చూపించిన వేగమైన ఆటకు, కోర్టు పొడవునా ఒత్తిడి పెట్టే డిఫెన్స్‌కు మూలం ఆ మాటే అని ఆయనే చెప్పుకున్నాడు.

1936లో కాన్సాస్‌లో వ్యాయామ విద్య డిగ్రీ అందుకున్న తొలి నల్లజాతి విద్యార్థి మెక్‌లెండన్. నార్త్ కరొలైనాలోని డర్హంలో నల్లజాతి కాలేజీకి కోచ్ అయ్యాడు. కఠినమైన పరుగు శిక్షణ, వేగం, అందరికీ బంతి. 1944 మార్చి 12, ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉన్న వేళ, డ్యూక్ వైద్య కళాశాలకు చెందిన తెల్లవాళ్ల జట్టు రహస్యంగా వీళ్ల జిమ్నాసియంకు వచ్చింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఆడటం అక్కడి చట్టానికి విరుద్ధం. తలుపులు వేసి ఆడారు. మెక్‌లెండన్ కుర్రాళ్లు 88-44తో గెలిచారు. తర్వాత ఇంకో ఆట ఆడారు. ఈసారి రెండు జట్లనూ కలిపేసి, తెల్లా నల్లా కలగలిపి పంచుకుని ఆడారు. ఆ సంగతి లోకానికి తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది. టెనెసీ ఎ అండ్ ఐ జట్టుతో 1957, 1958, 1959లలో వరసగా మూడు జాతీయ టైటిళ్లు కూడా గెలిచాడు. నేను పిల్లలకు చెప్పేది మాత్రం ఆ రెండో ఆట గురించే.

నైస్మిత్ ఈ ఆట మీద సొమ్ము చేసుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి సైనికుల మధ్య వై.ఎం.సి.ఏ. తరఫున పనిచేశాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను తొలిసారి పోటీగా చేర్చారు. చేర్చాలని ఏళ్ల తరబడి పోరిన వాళ్లలో ముఖ్యుడు అలెన్. పెద్దాయనకు అక్కడికి వెళ్లే స్తోమత లేకపోతే, ఆ అలెన్, అమెరికా కోచ్‌ల సంఘం కలిసి మ్యాచ్‌ల దగ్గర చిల్లర పోగేసి పంపారు. కోచింగ్ దేనికని నవ్విన గురువును కోచ్‌లే చందాలు వేసుకుని ఓడెక్కించారన్నమాట. ఎస్తోనియా, ఫ్రాన్స్ మ్యాచ్‌కు బంతి ఎగరేసింది నైస్మిత్. ఫైనల్ ఆరుబయట, టెన్నిస్ ఆడే మట్టి కోర్టులో, కుండపోత వానలో జరిగింది. బురదలో బంతి లేవదు, డ్రిబ్లింగ్ కుదరదు. అమెరికా 19-8తో కెనడాను ఓడించింది. ఆయన పుట్టిన దేశానికీ, చేరిన దేశానికీ మధ్య జరిగిన ఆ మ్యాచ్‌ను ఆయన రాసిన తొలి నియమాల పద్ధతిలోనే, పాసులతోనే ఆడాల్సి వచ్చింది!

మరుసటి ఏడాది భార్య మాడ్ పోయింది, ఉద్యోగ విరమణ కూడా ఆ ఏడాదే. 1939 నవంబరు 28న లారెన్స్ పట్టణంలో మెదడులో రక్తస్రావమై కన్నుమూశాడు. వయసు 78. ఆట పుట్టుకను గురించి ఆయన రాసుకున్న పుస్తకం 1941లో అచ్చయింది.

నోటీసు బోర్డుకు అంటించిన ఆ టైపు కాగితాలు కుటుంబం దగ్గర చాలాకాలం ఉండి, 2010 డిసెంబరులో వేలానికి వచ్చాయి. 43 లక్షల డాలర్లు పలికాయి. కొన్నది కాన్సాస్ విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థి డేవిడ్ బూత్. ఇంట్లో పెట్టుకోకుండా తను చదువుకున్న చోటికే చేర్చాడు. ఇప్పుడవి అక్కడ జట్టు ఆడే స్టేడియం పక్క భవనంలో అద్దాల వెనక ఉన్నాయి. స్టేడియానికి అలెన్ పేరు పెట్టారు. దాని ముందున్న రోడ్డుకు నైస్మిత్ పేరు, లోపల కోర్టుకూ ఆయన పేరే.